ఆరువందల పదకొండో పని

దక్షిణపు ఊరి వారికి ఉత్తరపు ఊరి నుంచి గవిరేసు నమస్కారాలు.

ముందుగా నా దస్తూరీని, తప్పులను మన్నించండి. కుడిచేతి రెండు వేళ్ల కొసలు చలికి పోయాయి, పెన్సిలు నిలవదు. ఒత్తులు, దీర్ఘాలు అయిదో తరగతి దాకా ఊరి బడిలో నేర్పినవే. ఆ తర్వాత మంచు గీకే పనిలో పెట్టారు. యంత్రానికి చెబితే అదే చక్కగా రాసిపెడుతుంది. కానీ దాని ముందు కూర్చుని గట్టిగా మాట్లాడాలి, పక్క గదుల వాళ్లు వింటారు. నాకు సిగ్గు. అందుకని చేత్తో రాస్తున్నాను. అయ్యాక మావాళ్లు ఫొటో తీసి పంపుతారు.

రాయమన్నది మా పనుల పెద్ద పైడితల్లి. "మావా, నువ్వు ఎలాగూ మాటాడవు, ఆ మిగిలిపోయిన మాటలన్నీ రాసిపడీ" అంది.

*సూర్యుడు రావడానికి పంతొమ్మిది రోజులు*

పొద్దున నాలుగో వరుస గొట్టాలు గీకాను. మూడు బకెట్ల మంచు. కరిగే తొట్టిలో పోశాను. మన ఈ దూరపు గోళం మీద మా వైపు చీకటి పడ్డప్పుడు నాకు తొమ్మిదేళ్లు, ఇప్పుడు అరవై ఏడు. ఈ యాభై ఎనిమిదేళ్లలో ఎన్ని బకెట్లు గీకానో చెప్పలేను.

పైడితల్లి కబురు పెడితే వెళ్లాను. బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచి ఉంది. మీ దగ్గరా అలాంటిదే ఉంటుంది. ఒక్కో పనికి ఒక్కో గీత. గీత మొదట ఇంగ్లీషు క్రియ. బిగించు, తుడువు, వంచు, అలాంటివి, ఇంగ్లీషులో. తర్వాత ఏ పనిముట్టు, ఎంతమంది, ఎన్ని నిమిషాలు. చివర రెండు సంతకాలు, చేసినవారిది ఒకటి, చూసినవారిది ఒకటి. రెండూ పడితేనే తర్వాతి గీత ముట్టుకుంటాం.

ఆరువందల పన్నెండో పని ఎండ పలకలు విప్పడం. అందరం దానికోసమే బతుకుతున్నాం. వేడి గుండంలో ఇరవై ఎనిమిది రోజుల వేడి మాత్రం ఉంది.

దానికి ముందు గీత మీద పైడితల్లి వేలు పెట్టింది. "ఇదేటో సదువు మావా."

సెలబ్రేట్ ద సన్‌రైజ్ అని ఉంది. మనుషులు: అందరూ. పనిముట్టు: లేదు. నిమిషాలు: ఖాళీ.

ఆ క్రియ ఇక్కడ ఎవరికీ తెలియదు. బడిలో నేర్పే నాలుగువందల క్రియల్లో అది లేదు. బిగించే ముఠా వాళ్లు రెండు రోజులుగా సన్‌రైజ్ అనే భాగం ఏ గదిలో ఉందో వెతుకుతున్నారట. పన్నెండో గదిలో ఒక మూత దొరికితే దానికి నూనె కూడా పూశారట.

మా కూర్మారావు మాష్టారు రాయించిన క్రియల నోటుబుక్కు నా దగ్గర ఉందని ఆమెకు తెలుసు. అందులో చిట్టచివర ఆ మాట ఉంది. పాఠంలో లేకపోయినా ఆయన పట్టుబట్టి రాయించారు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"సెలబ్రేట్. ఒకటి: మంచి దినమును, మంచి సంగతిని పదిమందితో కలిసి సంతోషముగా జరుపుకొనుట. రెండు: పూజ, పెండ్లి వంటివి పద్ధతి ప్రకారము జరిపించుట. మూడు: ఒకరి గొప్పను పదిమందిలో చెప్పుట. వాడుక: పంట ఇంటికి చేరిన దినమును వారు సెలబ్రేట్ చేసిరి. చెల్లెలు పరీక్ష నెగ్గగా సెలబ్రేట్ చేసిరి."

పైడితల్లి రెండుసార్లు చదివింది. సన్‌రైజ్ అంటే సూర్యుడు లేవడమని నేనే చెప్పాను. పంట తెలుసు, పరీక్ష తెలుసు, చేరాక ఏం చేశారో మాత్రం ఇందులో లేదు అంది.

మా ఊళ్లో ఏ మంచి దినమూ జరుపుకోం. చీకటి పడ్డ మొదటి ఏడాదే పెద్దలు అన్నీ మానేశారు. ఒక దీపం ఎక్కువ వెలిగితే ఆ మేరకు వేడి తరుగుతుంది. పెళ్లంటే రెండు సంతకాలు. పుట్టుకకు ఒకటి, చావుకు ఒకటి. మాకు అదే అలవాటు.

*పదిహేడు రోజులు*

ఆ గీత దాటేసి పలకలు విప్పేద్దామని కొందరు అన్నారు. పైడితల్లి ఒప్పుకోలేదు.

ఎందుకో మీకు చెప్పాలి. చీకటి తొమ్మిదో ఏట వాళ్ల నాన్న తాను చూడని అతుకుకు చూశానని సంతకం పెట్టాడు. ఆ అతుకు విడిపోయి మూడో గదిలో పదకొండుమంది పోయారు. అప్పటికి ఆమెకు మూడేళ్లు. వాళ్ల నాన్న ఆ పదకొండుమందిలో లేడు. ఇరవై ఏళ్లు బతికాడు, తలెత్తకుండా. అప్పటినుంచి ఈ ఊళ్లో చూడనిదానికి ఎవరూ సంతకం పెట్టరు. దాని వల్లే నూటనలభై మూడుమందిమి మిగిలాం.

"పుస్తకంలో చాలా గీతలు ఎందుకు రాసినారో చేసిన తరవాతే తెలిసింది," అంది పైడితల్లి. "దీన్ని ఎందుకు పెట్టినారో ఎరగనప్పుడు ఎలా దాటీది?"

పలకల మాట అక్కడితో ఆగింది.

*పన్నెండు రోజులు*

ఈ రోజు సెలబ్రేట్ చేశాం. అంటే చేయబోయాం.

మావాళ్లకు రెండో అర్థం నచ్చింది. పద్ధతి ప్రకారం జరిపించడమంటే మా చేతిలో పనే. పని ముందే చేసి పెట్టుకుంటే మంచిదని అందరూ అన్నారు. మాకు ఏ పనైనా ముందే చేయడం అలవాటు. కారకముందే బిగిస్తాం, గడ్డకట్టకముందే గీకుతాం. పెద్ద గదిలో పన్నెండు వరుసల్లో నిలబడ్డాం. ముప్పై నిమిషాలని అనుకున్నారు. పైడితల్లి గీత చదివింది. అందరం ఎదురుగా ఉన్న గోడను చూశాం.

పది నిమిషాలకు వెనక వరుసలో అప్పలకొండ కదిలాడు. వేడి గుండానికి కాపరి అతను. మా మనవరాలు నూకాలుకు మామగారు.

"ఇంకా ఎంతసేపు సంతోషించాలమ్మా?" అన్నాడు. "గుండం కాడ ఎవులూ నేరు."

అరగంట అయ్యాక చేసినవారి చోట ముఠా పెద్దలు సంతకాలు పెట్టారు. చూసినవారి చోట పైడితల్లి పెట్టాలి. పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత ముఠా పెద్దల సంతకాలు కూడా చెరిపేసింది. మనుషులు నిలబడడం చూశాను, అంతకు మించి ఏమీ చూడలేదు అని చెప్పి లేచింది.

*పదకొండు రోజులు*

మూడో అర్థం కూడా ప్రయత్నించారు. ఒకరి గొప్ప చెప్పమంటే ఎవరికీ నోరు రాలేదు. చివరికి ఒకామె లేచి రెండో నంబరు పంపును పొగిడింది. ముప్పై ఒక్క ఏళ్లు ఒక్కసారి కూడా ఆగలేదని చెప్పింది. అందరూ తలలూపారు. నిజమే, మంచి పంపు.

అదీ సంతకానికి నిలబడలేదు.

*ఆరు రోజులు*

పురుటి గది గొట్టాలు గీకాను. నెల కిందట ఆ గదికి వేడి ఆపేశారు. గోడల మీద వేలెడు మందాన మంచు పేరుకుంది. మళ్లీ గుండం నిండితేనే తెరుస్తారు. నూకాలుకు ఎనిమిదో నెల. పలకలు సమయానికి విప్పకపోతే ఈ చలిలో కనాలి. పోయిన ఏడాది చలి గదిలో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ దక్కలేదు.

నూకాలు పలకల ముఠాలో పని చేస్తుంది. కీళ్లకు నూనె పెట్టి వస్తూ నా దగ్గర ఆగింది. నేను గీకుతుంటే బకెట్టు కాలితో జరిపి పెట్టింది. వంగలేదు కదా.

బిడ్డ వస్తోందని సంతోషంగా ఉందా అని అడిగాను. అలాంటివి నేను అడగను. ఆ మాట నోట్లో తిరుగుతూ ఉండి వచ్చేసింది.

తను నా ముఖం చూసింది. "ముందు పుట్టనీ తాతా. పుట్టినాక అడుగు."

ఇంటికి వచ్చి మాష్టారి వాడుకలు మళ్లీ చదివాను. పంట ఇంటికి చేరింది. చెల్లెలు నెగ్గింది. ఒక్కటి కూడా రాబోయేది కాదు. మేమేమో రాని సూర్యుడికి అరగంట నిలబడ్డాం. రేపటి అన్నం ఈ రోజు అరగాలన్నట్టు.

పైడితల్లికి ఒక్కదానికి చెబితే చాలనుకున్నాను. ఆమె వినేసి, ఇది సభలో నువ్వే చెప్పాలి మావా అంది. నాకు చెమట పట్టింది. ఈ చలిలో.

*అయిదు రోజులు*

సభలో మాట్లాడాను. పుట్టి ఇదే మొదటిసారి.

సూర్యుడు వచ్చాక చేయాలన్నాను. అందరూ ఒప్పుకున్నారు. అప్పలకొండ, కెమెరాలో ఒకరు చూసి మిగతావాళ్లకు చెబితే సరిపోతుందన్నాడు. నేను పుస్తకంలో అందరూ అని ఉందన్నాను. అందరూ చూడాలంటే పెద్ద గది కిటికీ విప్పాలి. యాభై ఎనిమిదేళ్ల కిందట ఆరు పొరల మెత్తలు వేసి, వాటి మీద మూతకు ఎనభై బోల్టులు బిగించి మూసిన కిటికీ అది.

అప్పలకొండ లేచి లెక్క చెప్పాడు. అతనికి గుండం లెక్క వేళ్ల మీద ఉంటుంది. సూర్యుడు వచ్చే రోజుకు తొమ్మిది రోజుల వేడి మిగులుతుంది. పలకలు విప్పిన అయిదో రోజుకు గానీ కొత్త వేడి అందదు. కిటికీ విప్పితే రెండు రోజుల వేడి పోతుంది. మిగిలేది ఏడు. ఏ కీలైనా పట్టేస్తే సరిచేయడానికి రెండు రోజులే వ్యవధి.

"ఆ రెండు రోజులూ ఎవులివో తెలుసునా పెద్దాయనా?" అన్నాడు. "నీ మనవరాలివి. నా కోడలివి."

నూకాలు మూడో వరుసలో కూర్చుని ఉంది. నేను అటు చూడలేదు.

చీకటి పడ్డ రోజు ఏం చేశారో గుర్తుందా అని పైడితల్లి అడిగింది. గుర్తున్నది చెప్పాను. ఆ కిటికీ దగ్గర మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఆయన మెడ వెచ్చగా ఉంది. కొండ వెనక్కి ఆ వెలుతురు చుక్క జారిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత అందరూ కలిసి బోల్టులు బిగించారు.

"అంతేనా?" అంది.

"అంతే. కానీ ఈ యాభై ఎనిమిదేళ్లు సూరీడు ఉన్నాడని నేను నమ్మినాను. పుస్తకంలో ఉందని కాదు. చూసినాను కాబట్టి. అప్పుడు ఊహ తెలిసినోళ్లలో నేనొక్కణ్ణే మిగిలినాను, మీరెవులూ చూడలేదు."

ఇంకేమీ చెప్పలేక కూర్చున్నాను. అప్పుడు నూకాలు లేచింది, కుర్చీ వీపు పట్టుకుని.

"కిటికీ ఇప్పండి మావా," అంది అప్పలకొండతో. "రెండు రోజులు నేనిస్తాను. కీళ్లు పట్టేయవు. నూనె పెట్టింది నేనే."

చేతులెత్తమన్నారు. అందరికంటే చివర అప్పలకొండ చెయ్యి లేచింది.

*ఆ రోజు*

ఈ పేజీ మూడుసార్లు రాసి చింపాను. వచ్చినట్టు రాస్తాను.

పొద్దున్నే బోల్టులు విప్పడం మొదలుపెట్టారు. పదిహేడు తుప్పు పట్టి రాలేదు, కోసేశారు. మెత్తలు తీస్తుంటే ఒక్కో పొరకు చలి ఒక మెట్టు పెరిగింది. చివరి పొర తీశాక అద్దం. బయట ఏమీ లేదు. నల్లగా ఉంది. చుక్కలు.

గదిలో దీపాలు ఆర్పేశారు. నూటనలభై మూడుమందిమి ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డాం, వెచ్చదనం కోసం. నోట్లోంచి ఆవిరి కూడా కనబడని చీకటి. పైడితల్లి పుస్తకం, పెన్సిలు, గడియారం పట్టుకుని అద్దం పక్కన నిలబడింది. చూసినవారి సంతకం ఆమెదే కాబట్టి.

చెప్పిన సమయం దాటింది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఎవరో దగ్గారు. అప్పలకొండ ఊపిరి నా చెవి పక్కన వినిపిస్తోంది. పెదవులతో లెక్క పెడుతున్నాడు.

అప్పుడు దూరాన ఏదో వెలిగింది. అది సూర్యుడు కాదు. పడమటి వైపు కొండ ఒకటి, దాని కొస మాత్రం. అక్కడ కొండ ఉందని పటంలో చూశాం. నిజంగా ఉందని ఇప్పుడు తెలిసింది. ఆ తెలుపు కొస నుంచి కిందికి దిగింది, కుండలోంచి పాలు పొంగి జారినట్టు. పక్కన ఇంకో కొండ కొస. ఇంకోటి. ఇన్ని కొండల మధ్య ఉన్నామా అనుకున్నాను. మంచు నేల వెలుగుతూ మావైపు వచ్చింది. గీతలు, గుంటలు, మా పలకల స్తంభాలు, మా పెద్దలు నడిచిన అడుగులు ఒక్కొక్కటీ. వందేళ్ల కిందటివి. గాలి లేదు కదా, చెరగలేదు.

తర్వాత అంచున చుక్క కనిపించింది. ఆవగింజంత. చూడలేం. చూస్తే కళ్లల్లోంచి నీళ్లు కారతాయి. నాకు చిన్నప్పుడు ఇంత ఉన్నట్టు గుర్తు లేదు. ఒక్క ఆవగింజ ఇంత లోకాన్ని ఎలా వెలిగిస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

ముందు వరుసలో ఒకామె వెనక్కి తిరిగి కెవ్వుమంది. అందరం తిరిగాం.

వెనక గోడ మీద మేం ఉన్నాం. నూటనలభై మూడు నీడలు. మా గదుల్లో ఎన్నో దీపాలుంటాయి, మనిషికి నాలుగైదు పలచని నీడలు పడతాయి, ఒక్కోటి ఒక్కో వైపు. అవి ఎవరూ పట్టించుకోరు. ఇవి అలా లేవు. మనిషికి ఒక్కటి. నల్లగా, కత్తితో కోసినట్టు. అందరివీ ఒకే వైపు.

ఎవరో చెయ్యి ఎత్తారు. గోడ మీద ఒక చెయ్యి లేచింది. ఎవరిదో తెలియక అందరూ చేతులెత్తారు. గోడ నిండా చేతులు. అప్పుడు నవ్వు మొదలైంది. ఎక్కడ మొదలైందో తెలియదు. ఇంతమంది ఒకేసారి నవ్వడం ఈ గదిలో నేను వినలేదు. అప్పలకొండ తన నీడ ముక్కు పట్టుకోబోయాడు. నూకాలు పక్కకి తిరిగి నిలబడి తన కడుపు నీడ చూసుకుంది. చూసి, గోడ దగ్గరికి నడిచి ఆ నీడ మీద అరచెయ్యి పెట్టింది. పెద్దవాళ్లు కొందరు నేల మీద కూర్చుండిపోయారు. నేను ఏడ్చానో నవ్వానో నన్నడగకండి.

ఎవరో పాడబోయారు. మాకు పాటలు రావు. క్రియలే పాడారు, బడిలో వల్లించిన వరుసలో. బిగించు, తుడువు, వంచు, నింపు. అందరికీ వచ్చు కాబట్టి అందరం అందుకున్నాం. నేను కూడా. గట్టిగానే.

ఆ చుక్క కొండ వెనక్కి వెళ్లింది. మొదటి రోజు కదా, కొంచెంసేపే. గదిలో మళ్లీ చీకటి పడ్డా ఎవరూ వెంటనే దీపం వేయలేదు.

దీపం వేశాక చూస్తే పైడితల్లి అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉంది. పుస్తకం కింద పడి ఉంది. గడియారం ఎక్కడుందో ఆమెకే తెలియదు. నేను పుస్తకం తీసి ఇచ్చాను. ఆమె చూసినవారి చోట సంతకం పెట్టింది. నిమిషాల చోట పెన్సిలు ఆపింది.

"ఎన్ని నిమిషాలు మావా?"

నాకు తెలియదన్నాను. ఎవరినడిగినా తెలియదన్నారు. ముప్పై ఏళ్లుగా ఒక్క నిమిషం తప్పు రాయని మనిషి, ఆ చోట ఇలా రాసింది: లెక్క పెట్టలేదు.

తర్వాత ఆరువందల పన్నెండు మొదలుపెట్టారు.

*తర్వాత ఆరో రోజు*

నూకాలు నూనె పెట్టిన కీళ్లు పట్టేయలేదు. కానీ ఏడో పలక తీగ తెగింది. నాలుగో రోజు అంతా దానికే పోయింది. అప్పలకొండ గుండం దగ్గర నుంచి కదలలేదు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. అయిదో రోజు గుండం వేడి చూపే ముల్లు కదల్లేదు. ఎవరూ కిటికీ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు తిట్టినట్టే ఉంది. పొద్దున్నుంచి ఒకే గొట్టాన్ని గీకాను.

ఈ రోజు మధ్యాహ్నం, ఒక్క రోజు వేడి మిగిలి ఉండగా ముల్లు లేచింది. వెంట్రుకవాసి. అప్పలకొండ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, "బాగానే సూసినాం పెద్దాయనా," అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

పురుటి గది రేపు తెరుస్తారు. నూకాలు కాన్పుకు ఇంకా మూడు వారాల వ్యవధి ఉంది.

ఇప్పుడు మీ సంగతి. మాకు లేచిన సూర్యుడే మీకు దిగుతున్నాడు. మీ ఊరు ఎత్తు మీద ఉంది కాబట్టి ఇంకో ఇరవై రోజులు కనిపిస్తుందని, ఆ తర్వాత మీ ఎండతో నడిచే మన మధ్య కబురు స్తంభం కూడా ఆగిపోతుందని మావాళ్లు చెప్పారు. మేం చేసిన పనుల పేజీలు కరిగించి కాగితం చేసుకుంటాం. అందుకని సూర్యుడు దిగే రోజు గీత మా దగ్గర లేదు. అందులో ఏముందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లూ నాకు అడగాలని కూడా తోచలేదు. మా నాన్నవాళ్లు ఆ రోజు కిటికీ దగ్గర ఊరికే నిలబడలేదేమో. ఏదో పని చేస్తున్నారేమో. తొమ్మిదేళ్లవాణ్ణి, నాకు తెలియలేదు.

మీ పుస్తకంలో ఆ రోజుకు ఏ క్రియ రాసి ఉందో చూసి చెప్పండి. అది ఏదైనా సరే, ముందే చేసేయకండి. పిల్లలందరినీ భుజాల మీద ఎక్కించుకోండి.

వెంటనే జవాబు రాయండి. దస్తూరీ ఎలా ఉన్నా పరవాలేదు, చదువుకుంటాను.

గవిరేసు